మనల్ని, మన తోటని, మన పక్క రైతుని పరిచయం చేయడం ఎలా? – మామిడి రైతులకు ఒక పాఠం



ఇప్పటిదాకా జీవామృతం, కషాయాలు, నవధాన్యాలు, పండు ఈగ బుట్టలు – ఇలా తోటలో చేసే పనుల గురించే మాట్లాడుకున్నాం. ఈసారి తోట బయట చేసే పని గురించి. కాయ బాగా పండించాం సరే, కొనేవాళ్ళ ముందు నిలబడి "నేను ఫలానా" అని ఎలా చెప్పుకోవాలి? ఈమెయిల్‌లో ఎలా రాయాలి? పక్క రైతుని ఇంకొకరికి ఎలా పరిచయం చేయాలి? వీడియోలో మాటలు గబగబా వెళ్ళిపోతాయి, రాసుకోవడానికి వీలుండదు. అందుకే నమూనాలన్నీ ఇక్కడ రాతలో పెడుతున్నాను. మీ పేరు, మీ ఊరు మార్చుకుని వాడుకోండి.

నేను చేసిన మొదటి తప్పు

ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చిన నాలుగో ఏడు, హైదరాబాద్‌లో ఒక సేంద్రియ మేళాకి రెండు బుట్టల బంగినపల్లి పట్టుకుని వెళ్ళాను. ఒక కొనుగోలుదారు మా బల్ల దగ్గర ఆగాడు. కాయ చేతిలోకి తీసుకుని "చెప్పండి" అన్నాడు. నేను మొదలుపెట్టాను. మా తాతగారు తోట వేసిన సంగతి, మా ఆవులు, 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి జీవామృతం ఎలా చేస్తామో మొత్తం చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. చివర్లో రెండే ప్రశ్నలు అడిగాడు. "వారానికి ఎంత ఇవ్వగలరు? ఏ తేదీ నుంచి?"

నా దగ్గర జవాబు లేదు. "చూద్దామండీ, కాపుని బట్టి" అన్నాను. ఆయన నవ్వి నమస్కారం పెట్టి పక్క బల్లకి వెళ్ళిపోయాడు.

ఆయనకి నా కాయ నచ్చలేదని కాదు. నేనెవరో ఆయనకి అర్థం కాలేదు. పది నిమిషాలు మాట్లాడి కూడా నన్ను నేను పరిచయం చేసుకోలేదన్నమాట.

మన అలవాటు ఎక్కడ అడ్డం వస్తుంది?

మన ప్రాంతంలో పరిచయం అంటే ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత "ఎవరబ్బాయివి?" ముసునూరులోనో ఆగిరిపల్లిలోనో ఎక్కడ దిగినా ఈ మూడూ చెప్తే చాలు, అవతలివాళ్ళు మన తాత దాకా లెక్క కట్టేస్తారు. మాటకి పూచీ అక్కడే దొరుకుతుంది. నున్న మార్కెట్లో కూడా అంతే. ఏళ్ళ తరబడి ఒకే కమీషన్ కొట్టుకి కాయ తోలుతాం కాబట్టి అసలు పరిచయం అవసరమే పడదు.

ఊరు దాటితే ఆ లెక్క పనిచేయదు. హైదరాబాద్‌లో దుకాణం నడిపేవాళ్ళకి, బెంగళూరులో అపార్ట్‌మెంట్‌కి పెట్టెలు పంపేవాళ్ళకి మన ఇంటిపేరుతో పనిలేదు. వాళ్ళకి తెలియాల్సింది ఐదు సంగతులు:

1. ఎవరు, ఎక్కడ
2. ఏ రకం, ఎన్ని ఎకరాలు
3. ఎప్పటి నుంచి, ఏ పద్ధతిలో
4. ఎంత, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా
5. వాళ్ళ నుంచి మనకేం కావాలి

ఈ ఐదూ అరనిమిషంలో చెప్పగలగాలి. మిగతా కథంతా వాళ్ళు అడిగినప్పుడు.

ఎదురుగా నిలబడి చెప్పేటప్పుడు

ఇప్పుడు నేను చెప్పేది ఇదీ:

"నమస్కారమండీ. నా పేరు ____. నూజివీడు దగ్గర ____ గ్రామం. మాకు ఆరెకరాల మామిడి తోట ఉంది, నాలుగెకరాలు బంగినపల్లి, రెండెకరాలు చిన్న రసం. 2019 నుంచి రసాయన ఎరువు గానీ పురుగుమందు గానీ వేయలేదు. జీవామృతం, కషాయాలతోనే నడుపుతున్నాం. బంగినపల్లి ఏప్రిల్ చివరి వారంలో కోతకి వస్తుంది, వారానికి టన్ను దాకా ఇవ్వగలం. మీరు ఏ సైజు కాయ తీసుకుంటారో కనుక్కుందామని వచ్చాను."

చివరి వాక్యం చూడండి. అది ప్రశ్న లాంటిది. మన మాట అక్కడ ఆగి వాళ్ళ మాట మొదలవుతుంది. పరిచయం అయ్యాక వాళ్ళని మాట్లాడనివ్వాలి. నేను మేళాలో చేయనిది అదే.

ఇంకొన్ని చిన్న సంగతులు:

– ఎదుటివారు మన పిల్లల వయసు వాళ్ళయినా "గారు", "అండీ" వదలొద్దు. "అన్నా", "తమ్ముడూ", "బాబాయ్" లాంటి వరసలు పరిచయం ముదిరాక వాళ్ళంతట వాళ్ళు పిలిస్తే కలుపుకోవచ్చు. ఆడవాళ్ళయితే "మేడమ్" అన్నా, పేరు పక్కన "గారు" అన్నా సరిపోతుంది. మొదటిసారే "అమ్మా" అంటే కొందరికి ఇబ్బందిగా ఉంటుంది.

– నమస్కారం చాలు. వాళ్ళు చెయ్యి చాపితే మనం చెయ్యి కలపొచ్చు. సొన అంటిన చేతులైతే "చేతికి సొన ఉందండీ" అని నవ్వుతూ చెప్పి నమస్కారం పెట్టండి. అదే మంచి పరిచయం అవుతుంది.

– వాళ్ళ పేరు సరిగ్గా వినబడకపోతే వెంటనే అడగండి. ఇంటికొచ్చాక ఫోన్‌లో "హైదరాబాద్ మామిడి" అని దాచుకున్న నంబర్లు నా దగ్గర ఏడున్నాయి. ఎవరు ఎవరో నాకిప్పటికీ తెలియదు.

తప్పకుండా అడిగే ప్రశ్నలు

పరిచయం అవ్వగానే ప్రశ్నలు వస్తాయి. జవాబులు ముందే ఒక కాగితం మీద రాసుకోండి.

"తేనెమంచు పురుగుకి ఏం చేస్తారు? పండు ఈగకి?" – మీరు నిజంగా ఏం కొడతారో, పూతకి ముందా పిందె దశలోనా, ఎన్నిసార్లో చెప్పండి. ఎర బుట్టలు కడితే ఎకరానికి ఎన్ని కడుతున్నారో చెప్పండి. ఓ ఏడాది దెబ్బ తిన్నామంటే అదీ చెప్పండి. అన్నీ బాగానే ఉన్నాయనే రైతుని తెలిసిన కొనుగోలుదారు నమ్మడు.

"ఎలా మాగవేస్తారు?" – కాల్షియం కార్బైడ్‌తో పండించడం మన దేశంలో నిషేధం. ఇథిలీన్ గ్యాస్ గదిని పరిమితితో అనుమతిస్తారు. మీరు గడ్డిలో మాగవేస్తారా, కోసిన కాయ అలాగే ఇచ్చేస్తారా, గది వాడతారా అన్నది ఒక్క మాటలో చెప్పండి.

"సర్టిఫికెట్ ఉందా?" – ఇక్కడే చాలామందిమి తడబడతాం.

ఏ మాట వాడొచ్చు, ఏది వాడకూడదు

పరిచయంలో ఒక్క మాట ఎక్కువైనా తర్వాత అది మన మెడకే చుట్టుకుంటుంది. అందుకని మాటలు వేరు చేసుకుందాం.

"ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాను" – ఇది మీ పద్ధతి. చేస్తుంటే ధైర్యంగా చెప్పండి. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016 నుంచి నడుస్తున్న కార్యక్రమంలో మీరుంటే, ఏ సంవత్సరం చేరారో కూడా చెప్పండి. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారంలో భాగం దక్కింది కాబట్టి బయటి రాష్ట్రాల వాళ్ళకి కూడా దాని పేరు తెలుసు. కానీ అందులో ఉండటం, సర్టిఫికెట్ ఉండటం రెండూ ఒకటి కాదు.

"పీజీఎస్ గ్రూపులో ఉన్నాను" – కనీసం ఐదుగురు రైతులు కలిసి ఒకరి తోట ఒకరు చూసి పూచీ పడే పద్ధతి ఇది. ఇంకా మార్పు దశలో ఉంటే "పీజీఎస్ గ్రీన్", పూర్తయితే "పీజీఎస్ ఆర్గానిక్". గ్రీన్‌లో ఉండి ఆర్గానిక్ అని చెప్పుకోకూడదు.

"సర్టిఫైడ్ ఆర్గానిక్, ఎగుమతికి" – దీనికి ఎన్‌పీవోపీ ధ్రువీకరణ కావాలి. మామిడి లాంటి దీర్ఘకాలిక పంటకి మార్పు దశే 36 నెలలు. ఎగుమతిదారుడికి రాసేటప్పుడు మ్యాంగోనెట్‌లో తోట నమోదు చేశారా లేదా అన్నది కూడా రాయండి. అడగకముందే చెప్తే పని సగం అయినట్టే.

సంచి మీద "ఆర్గానిక్" అని అచ్చు వేయాలంటే 2017 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం పీజీఎస్ గానీ ఎన్‌పీవోపీ గానీ ఉండాలి. చిన్న రైతు నేరుగా తినేవాళ్ళకి అమ్ముకుంటే కొంత మినహాయింపు ఉంది. అయినా జైవిక్ భారత్ ముద్ర మాత్రం వేసుకోకూడదు.

సర్టిఫికెట్ లేకపోతే సిగ్గు పడక్కర్లేదు. "సర్టిఫికెట్ లేదండీ. 2019 నుంచి పద్ధతి మార్చాం. తోట చూడండి, కావాలంటే కాయని ల్యాబ్‌కి పంపించుకోండి" అంటే చాలు. ఈ మాట విని వెనక్కి పోయినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆగినవాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి ఆగుతారు.

ఈమెయిల్‌లో

"మాకు ఈమెయిల్ ఎందుకండీ, వాట్సాప్ ఉందిగా" అంటారు. వాట్సాప్‌లో పంపింది శుభోదయం ఫోటోల కింద కూరుకుపోతుంది. దుకాణాలు, ఎగుమతిదారులు, విశ్వవిద్యాలయం వాళ్ళు దాచుకునేది ఈమెయిలే. నూజివీడులోని మామిడి పరిశోధన స్థానానికి ఏదైనా సమస్య రాసి అడగాలన్నా ఇదే పద్ధతి.

టైపింగ్ రాదని ఆగిపోవద్దు. ఫోన్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్తే అదే రాస్తుంది. ఇంట్లో పిల్లలు ట్రిపుల్ ఐటీలో చదువుతుంటే వాళ్ళతో కొట్టించండి. మాట మాత్రం మీదే ఉండాలి. మా అబ్బాయి ఒకసారి నా తరఫున రాసిన ఉత్తరంలో నేను "అగ్రగామి ప్రగతిశీల రైతు"ని అయ్యాను. ఫోన్ చేసినాయన "ఆ రైతు ఉన్నారా?" అని నన్నే అడిగాడు.

ఉత్తరంలో ఉండాల్సినవి:

– విషయం గడి ఖాళీగా వదలొద్దు. "నమస్తే" అని కూడా పెట్టొద్దు. "నూజివీడు బంగినపల్లి – ప్రకృతి వ్యవసాయం – ఏప్రిల్ చివరి నుంచి" అని పెట్టండి. తెరవకముందే సంగతి తెలియాలి.
– వాళ్ళ గురించి మీకెలా తెలిసిందో మొదటి వాక్యంలోనే చెప్పండి.
– ఐదు సంగతులు, ఎనిమిది పది వరుసల్లో.
– ఫోటోలు మూడు చాలు: చెట్టు, కాయ, మీరు తోటలో. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే జోడింపు వెళ్ళదు. వీడియో ఉంటే లింకు ఇవ్వండి.
– చివర పూర్తి పేరు, ఊరు, మండలం, జిల్లా, ఫోన్ నంబరు, ఏ వేళలో మాట్లాడొచ్చో.

జిల్లా దగ్గర జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో నూజివీడు ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది, మైలవరం, విస్సన్నపేట వైపు తోటలు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి. మనలో కొందరు అలవాటు కొద్దీ ఇంకా కృష్ణా జిల్లా అనే రాస్తున్నాం. పాస్‌బుక్‌లో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి, ఉత్తరంలో ఒకటి ఉంటే అవతలివాళ్ళకి అనుమానం వస్తుంది. కాగితాల్లో ఏది ఉందో చూసి అదే రాయండి.

నమూనా:

*విషయం: నూజివీడు బంగినపల్లి, చిన్న రసం – ఏప్రిల్ చివరి నుంచి*

*____ గారికి నమస్కారం.*

*మీ దుకాణంలో రైతుల దగ్గర నేరుగా పండ్లు కొంటారని ____ గారు చెప్పారు. మీకు రాస్తానని వారికి చెప్పాను.*

*నా పేరు ____. నూజివీడు మండలం ____ గ్రామంలో ఆరెకరాల మామిడి తోట ఉంది. 2019 నుంచి రసాయనాలు వాడటం లేదు. మా గ్రూపు ప్రస్తుతం పీజీఎస్ గ్రీన్ దశలో ఉంది, కాగితం జోడించాను.*

*బంగినపల్లి ఏప్రిల్ చివరి వారం నుంచి మే 20 దాకా, వారానికి సుమారు టన్ను ఇవ్వగలం. చిన్న రసం మే నెలలో, తక్కువ మొత్తంలో. కాయ ముచ్చికతో కోసి, సొన కార్చి, గ్రేడు చేసి పంపుతాం.*

*మీకు అవసరం ఉంటే మొదట ఒక పెట్టె నమూనా పంపుతాను. తోట చూడటానికి ఎప్పుడైనా రావచ్చు. సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేస్తే మాట్లాడగలను.*

*ఇట్లు,*
*____, గ్రామం, మండలం, జిల్లా, ఫోన్*

తెలుగు రానివాళ్ళకి అనువాదం చేసి పంపేటప్పుడు ఒక్కసారి ఎవరితోనైనా చదివించుకోండి. "చిన్న రసం" రకం పేరని మిషన్‌కి తెలియకపోతే, అవతలివాళ్ళు మనం జ్యూస్ అమ్ముతున్నాం అనుకుంటారు. రకాల పేర్లు అనువదించకుండా అలాగే ఉంచండి.

వారం దాకా జవాబు రాకపోతే ఒక్కసారి, రెండు వరుసల్లో గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి. సీజన్ అయ్యాక "ఈ ఏడు కాపు ఇలా అయ్యింది" అని ఒక ఉత్తరం రాస్తే, వచ్చే ఏడు మన పేరు వాళ్ళకి గుర్తుంటుంది.

పక్క రైతుని పరిచయం చేసేటప్పుడు

ఇప్పుడు అసలు పాఠం. ఇది నాకు రెండు సీజన్లు ఖర్చుపెట్టి నేర్చుకున్నది.

ఒక కొనుగోలుదారు మా కాయ తీసుకోవడం మొదలుపెట్టాక "ఇంకో రెండు టన్నులు కావాలి, మీలాంటి రైతు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు. మా గట్టు పక్క తోట మా బాబాయి వరసాయనది. మంచి మనిషి. రెండేళ్ళుగా నాతో పాటే జీవామృతం పోస్తున్నాడు. ఫోన్‌లోనే చెప్పేశాను: "మా బాబాయ్ ఉన్నాడండీ, అచ్చం నాలాగే చేస్తాడు."

వాళ్ళు కాయని ల్యాబ్‌కి పంపారు. పాక్లోబ్యూట్రజాల్ ఆనవాళ్ళు వచ్చాయి. మనకి తెలిసిందే, పూత తొందరగా, ఏటా రావాలని చెట్టు పాదులో పోసే మందు అది. బాబాయి పోయలేదు. ఆయన తోట అంతకుముందు కొన్నేళ్ళు కౌలుకి ఇచ్చాడు, కౌలు వ్యాపారి పోయించాడు. నేలలో అది చాలాకాలం నిలుస్తుంది. "అది పురుగుమందు కాదు కదరా, పూత మందేగా. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నాడు బాబాయి. నిజమే. నేను అడగలేదు.

కొనుగోలుదారు ఆయన కాయతో పాటు నా కాయ కూడా ఆపేశారు. "మీ మాట మీద తీసుకున్నాం" అన్నారు అంతే, ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. ఆ ఏడూ మళ్ళీ ఏడూ ఇద్దరం నున్నకే తోలుకున్నాం. బాబాయి నాలుగు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తన తప్పు లేకుండా నలుగురిలో పేరు పోయిందని ఆయన బాధ. ఆ బాధకి కారణం నా తొందర.

పరిచయం చేయడమంటే పూచీ పడటమే. అప్పు పత్రం మీద సంతకం పెట్టేటప్పుడు ఎంత ఆలోచిస్తామో ఇక్కడా అంతే ఆలోచించాలి. అప్పట్నుంచి నేను పాటించే పద్ధతి:

ఒకటి – ముందు ఇద్దరినీ అడగాలి. "మీ నంబరు ఇవ్వనా?" అని రైతుని, "ఫలానా వారిని కలపనా?" అని కొనేవారిని. అడగకుండా ఎవరి నంబరూ ఎవరికీ ఇవ్వను.

రెండు – తోట చరిత్ర అడగాలి. ఎన్నేళ్ళ నుంచి సొంతంగా చేస్తున్నారు, అంతకుముందు కౌలుకి ఇచ్చారా, పాదులో ఏమైనా పోశారా, గట్టు పక్క వాళ్ళు ఏం కొడతారు. అనుమానంతో కాదు, ఆయన్ని కాపాడటానికే అని చెప్పి అడగాలి.

మూడు – నేను కళ్ళతో చూసింది, ఆయన చెప్తే విన్నది వేరువేరుగా చెప్పాలి. "అచ్చం నాలాగే" అనే మాట ఇక వాడను.

నాలుగు – ధర మాటల్లో దూరను. కలిపి పక్కకి తప్పుకుంటాను.

నమూనా:

*____ గారూ, నమస్కారం. మీరు అడిగిన చిన్న రసం గురించి. మా ఊళ్ళోనే ____ గారికి మూడెకరాల తోట ఉంది. రెండేళ్ళుగా జీవామృతం పోయడం నేను చూస్తున్నాను. అంతకుముందు తోట కౌలులో ఉండేది, అప్పుడు పూత మందు పోశారని ఆయనే చెప్పారు. కాబట్టి కాయని పరీక్ష చేయించుకుని తీసుకోవడం మంచిది. ఆయన అనుమతితోనే ఈ ఉత్తరంలో ఆయన్ని కూడా కలిపాను. ఇక మీరిద్దరూ మాట్లాడుకోగలరు.*

ఇలా రాస్తే ఎవరు కొంటారు అనిపిస్తుంది కదా? మూడో ఏడు సరిగ్గా ఇలాగే రాసి పంపాను, పాత కొనుగోలుదారుకే. వాళ్ళు పరీక్ష చేయించారు. ఈసారి శుభ్రంగా వచ్చింది. బాబాయి కాయ, నా కాయ ఇప్పుడు ఒకే బండిలో వెళ్తున్నాయి.

ఇంట్లో వాళ్ళని కూడా

తోట చూడటానికి ఎవరైనా వస్తే మనం "ఈమె మా ఇంటావిడ" అని, "టీ పెట్టు" అంటాం. మన ప్రకృతి వ్యవసాయం నడుస్తున్నదే మహిళా సంఘాల ద్వారా. చాలా ఇళ్ళల్లో కషాయం కాచేది, జీవామృతం రోజుకి రెండుసార్లు కలిపేది ఆవిడే. "ఈమె ____ గారు, నా భార్య. కషాయాలన్నీ ఈమే చూస్తారు, మోతాదులు ఈమెనే అడగండి" అని చెప్పి చూడండి. వచ్చినవాళ్ళకి జవాబు సరైన మనిషి దగ్గర దొరుకుతుంది. కోతకి వచ్చే కూలీల మేస్త్రిని కూడా పేరుతో చెప్పండి. చిక్కం పట్టి కాయ నేల మీద పడకుండా కోసేది ఆయనే కదా.

పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు ఎదురైనప్పుడు ముందు పెద్దవారి వైపు తిరిగి చిన్నవారిని చెప్పడం మన మర్యాద. పేరు, ఊరు, ఒక్క పని – ఈ మూడూ చెప్తే వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడానికి దారి దొరుకుతుంది.

ఈ వారం చేయాల్సిన పని

ఐదు సంగతులు కాగితం మీద రాసి, ఫోన్‌లో మీ గొంతుతో రికార్డు చేసి వినండి. అరనిమిషం దాటితే కొట్టివేయండి. తర్వాత ఆ ఉత్తరం మీ ఈమెయిల్‌కే మీరు పంపుకుని, కొనేవాడి కళ్ళతో చదవండి. మీరైతే ఈ రైతుకి ఫోన్ చేస్తారా?

నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు అన్నారు. మామిడి రైతుకి నోటితో పాటు లెక్క కూడా మంచిదవ్వాలి. పూత రాకముందే ఈ పని పూర్తి చేసుకోండి. కోత మొదలయ్యాక మనకి ఊపిరి తీసుకోవడానికే తీరిక ఉండదు.

మళ్ళీ కలుద్దాం. నమస్కారం.